గ్రాఫిక్స్ ల్యాబులో మొదటి పాఠం ఎక్స్‌టెన్షన్ లైబ్రరీదే కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్, ఎంసీఏ పిల్లలు ప్రాజెక్టుల కాలం రాగానే ఒకే ఫిర్యాదుతో తిరుగుతుంటారు. త్రీడీ ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, లింక్ కూడా అవుతుంది. నడపగానే విండో ఒక్క క్షణం కనిపించి మూసుకుపోతుంది. విజువల్ స్టూడియోలో అయితే సున్నా అడ్రసు దగ్గర యాక్సెస్ వయొలేషన్ అంటుంది. ఉబుంటులో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటుంది. ‘నీ సిస్టంలో గ్రాఫిక్స్ కార్డు లేదు, అందుకే’ అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేసి కార్డున్న ల్యాప్‌టాప్ కొనిస్తారు. కొత్తదాంట్లోనూ అదే ప్రోగ్రామ్ అదే లైను దగ్గర పడిపోతుంది. వేలకు వేలు పోసి కొన్న కార్డు నిక్షేపంగా ఉంటుంది. పిలిచిన ఫంక్షన్ అడ్రసు మాత్రం సున్నాగానే మిగిలిపోయి ఉంటుంది.

ఆ అడ్రసు తెచ్చిపెట్టే పని గ్లూ (జీఎల్ఈడబ్ల్యూ), గ్లాడ్ లాంటి చిన్న సహాయక లైబ్రరీలది. వాటిని ఎలా వాడాలో, ఏ వరుసలో పిలవాలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబు మొదటి తరగతిలోనే చెప్పాలని, ల్యాబ్ మాన్యువల్లో అచ్చు వేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎలా అన్నది చెప్పకుండా కోరిక మాత్రం రాస్తే ఉపయోగం లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషులో ఏది పెద్దక్షరమో ఏది చిన్నక్షరమో హెడర్ ఫైలులో చూసుకోండి, సీ భాషకు ఆ తేడా ముఖ్యం.

ఈ త్రీడీ ప్రోగ్రాములు బొమ్మలు గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్‌ను 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ విడుదల చేసింది. 2006 నుంచి దాని బాధ్యత క్రోనోస్ సంస్థది. డౌన్‌లోడ్ చేసుకుని ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ కాదిది. ఏ ఫంక్షన్ ఏం చేయాలో చెప్పే ఒక నిర్దేశపత్రం. ఆ పని చేసే అసలు కోడ్ ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ వాళ్లు ఇచ్చే డ్రైవర్లలో ఉంటుంది. చిక్కు ఎక్కువగా విండోస్‌లో వస్తుంది. విండోస్‌తో వచ్చే ఓపెన్‌జీఎల్32 డీఎల్ఎల్ ఈరోజుకీ 1.1 వెర్షన్ ఫంక్షన్లనే బయటపెడుతుంది. 1.1 అంటే 1997 నాటిది. బిందువుల డేటాను దాచే వెర్టెక్స్ బఫర్లు 1.5లో వచ్చాయి. షేడర్లు, అంటే కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు, 2004లో 2.0తో, తెర మీద కాక టెక్స్చర్‌లోకి గీయించే ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్టులు 2008లో 3.0తో ప్రమాణంలో చేరాయి. వీటిలో ఏదీ లింకర్‌కు దొరకదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా డబ్ల్యూజీఎల్‌గెట్‌ప్రాక్‌అడ్రస్ అనే ఫంక్షన్‌కు పేరు ఇచ్చి, డ్రైవర్ ఇచ్చే అడ్రసును ఒక పాయింటర్‌లో పెట్టుకోవాలి. లినక్స్‌లో ఇదే పనికి జీఎల్ఎక్స్‌గెట్‌ప్రాక్‌అడ్రస్ ఉంది.

దీనికి తోడు ఎక్స్‌టెన్షన్లు. కొత్త సౌకర్యం ప్రమాణంలో చేరే దాకా ఆగకుండా కార్డు కంపెనీలు దాన్ని ముందే ఎక్స్‌టెన్షన్‌గా ఇస్తాయి. ఒక కంపెనీదైతే పేరులో ఎన్‌వీ, ఏఎండీ, ఇంటెల్ అని ఉంటుంది. కొన్ని కంపెనీలు కలిసి ఇస్తే ఈఎక్స్‌టీ అని, కమిటీ ఆమోదించాక ఏఆర్‌బీ అని, ఇటీవలి వాటికి కేహెచ్ఆర్ అని ఉంటుంది. ఏ మిషన్లో ఏవి ఉన్నాయో ముందుగా తెలియదు, నడిచేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇదంతా చేత్తో రాసుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. ఒక్క ఫంక్షన్‌కు రాసి చూస్తే సంగతి అర్థమవుతుంది. దాని రకానికి ఒక టైప్‌డెఫ్, ఒక పాయింటర్, ఒక పిలుపు, ఒక కాస్ట్, ఆపైన సున్నా అవునో కాదో చూసే పరీక్ష. ఇలా వందల ఫంక్షన్లకు రాయాలి. పైగా దారిలో గుంతలున్నాయి. విండోస్‌లో అడ్రసు దొరకనప్పుడు సున్నా రావాలి, కానీ కొన్ని డ్రైవర్లు 1, 2, 3, మైనస్ 1 కూడా ఇస్తాయి. సున్నా కాదు కదా అని పిలిస్తే ప్రోగ్రామ్ కూలుతుంది. పాత 1.1 ఫంక్షన్ల పేరు అడిగితే అదే పిలుపు సున్నా ఇస్తుంది, వాటిని డీఎల్ఎల్ నుంచే తీసుకోవాలి. లినక్స్‌లో మెసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లది ఇంకో పద్ధతి. కార్డు చేయలేని ఫంక్షన్ పేరు అడిగినా ఏదో ఒక అడ్రసు ఇచ్చేస్తాయి. కాబట్టి అడ్రసు వచ్చింది కనుక సౌకర్యం ఉన్నట్టే అనుకోవడం లినక్స్‌లో చెల్లదు. ఎక్స్‌టెన్షన్ జాబితా చూసి తీరాలి.

ఆ జాబితా చూడటంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పాత పద్ధతిలో జీఎల్‌గెట్‌స్ట్రింగ్ అన్ని పేర్లనూ ఒకే పొడుగాటి స్ట్రింగ్‌గా ఇస్తుంది. అందులో ఈఎక్స్‌టీ టెక్స్చర్ అనే పేరు కోసం స్ట్ర్‌స్ట్ర్‌తో వెతికితే, అది లేకపోయినా ఈఎక్స్‌టీ టెక్స్చర్3డీ అనే వేరే పేరులో దొరికిపోతుంది, ఉందని జవాబు వస్తుంది. పాత ఆటలు కొన్ని ఆ స్ట్రింగ్‌ను చిన్న బఫర్‌లోకి కాపీ చేసుకునేవి. కొత్త కార్డుల్లో జాబితా పెరిగి బఫర్ దాటిపోయేసరికి కూలిపోయేవి. 3.0 నుంచి జీఎల్‌గెట్‌స్ట్రింగ్‌ఐ ఒక్కో పేరు విడిగా ఇస్తుంది. పాత ఫంక్షన్లు తీసేసిన కోర్ ప్రొఫైల్‌లో పాత పద్ధతి అసలు పనిచేయదు, 1280 ఎర్రర్ ఇస్తుంది. ఈ చిక్కులన్నీ దాటి రాసిపెట్టిన లైబ్రరీలు ఉచితంగా ఉండగా, నాలుగో సంవత్సరం విద్యార్థి ఉన్న కొద్ది సమయాన్ని వీటి మీద పోగొట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక గ్లూ సంగతి. ఇది చాలా ల్యాబుల్లో ఇప్పటికే ఉన్నది కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్పాలి. 2020లో వచ్చిన 2.2.0 వెర్షన్ తీసుకుంటే మంచిది. ఉబుంటులో లిబ్‌గ్లూ-డెవ్, లిబ్‌జీఎల్ఎఫ్‌డబ్ల్యూ3-డెవ్ ప్యాకేజీలు రెండూ వేసుకుంటే చాలు (రెండోది విండో తెరిచే జీఎల్ఎఫ్‌డబ్ల్యూ లైబ్రరీది). విండోస్‌కు జిప్ ఫైలు దొరుకుతుంది. దాని పేరులో విన్32 అని ఉన్నా లోపల 32 బిట్, 64 బిట్ రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ప్రాజెక్టు ఎక్స్64లో కడుతూ విన్32 ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌ను పక్కన పెడితే, నడపగానే 0ఎక్స్‌సీ000007బీ అనే ఎర్రర్ వస్తుంది. డీఎల్ఎల్ అసలే లేకపోతే గ్లూ32 డీఎల్ఎల్ దొరకలేదని పేరు పెట్టి చెబుతుంది. అప్పుడు నెట్‌లో డీఎల్ఎల్ సైట్లు వెతికి దించుకునే అలవాటు పిల్లల్లో బాగా ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు, ల్యాబులోకి వైరస్ వచ్చే దారి అదే. జిప్‌లోని బిన్ ఫోల్డర్ నుంచి తీసి ఈఎక్స్‌ఈ పక్కన పెట్టుకుంటే సరి. ఇంకో మాట, ఆ జిప్‌లోని లైబ్రరీలు విజువల్ స్టూడియో కోసం కట్టినవి. కోడ్‌బ్లాక్స్‌లో మింజీడబ్ల్యూ కంపైలర్ వాడేవాళ్లు ఎంసిస్2 నుంచి గ్లూ ప్యాకేజీ వేసుకోవాలి.

డీఎల్ఎల్ గొడవ వద్దనుకుంటే గ్లూ32ఎస్ అనే స్టాటిక్ లైబ్రరీ ఉంది. దాన్ని లింక్ చేస్తే గ్లూ_స్టాటిక్ అనే మాక్రోను హెడర్‌కు ముందే డిఫైన్ చేయాలి. ప్రాజెక్టు సెట్టింగుల్లో పెడితే ఇంకా మంచిది. మరిచిపోతే లింకర్ అన్‌రిజాల్వ్డ్ ఎక్స్‌టర్నల్ అంటూ ఇంప్ అనే ముక్క ముందు తగిలించిన గ్లూఇనిట్ పేరు చూపిస్తుంది. ఆ ఇంప్ కనిపించిందంటే మాక్రోకూ లైబ్రరీకీ పొత్తు కుదరలేదని అర్థం. విండోస్‌లో గ్లూతో పాటు ఓపెన్‌జీఎల్32 లిబ్ కూడా లింక్ చేయాలి. లినక్స్‌లో లింక్ వరుస ముఖ్యం. ముందు సోర్స్ ఫైలు, తర్వాత జీఎల్ఎఫ్‌డబ్ల్యూ, తర్వాత అన్నీ పెద్దక్షరాల్లో గ్లూ, చివర జీఎల్. లైబ్రరీలను సోర్స్ ఫైలుకు ముందు రాస్తే అన్నీ ఇన్‌స్టాల్ చేసి ఉన్నా అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటుంది.

హెడర్ల వరుస మరో చోటు. గ్లూ హెడర్ జీఎల్ హెడర్ కంటే ముందు రావాలి. వెనక పెడితే జీఎల్ డాట్ హెచ్ ముందే వచ్చేసిందని కంపైలర్ అక్కడే ఆపుతుంది. పిల్లలు ‘మేము జీఎల్ హెడర్ పెట్టలేదే’ అంటారు. నిజమే, జీఎల్ఎఫ్‌డబ్ల్యూ హెడర్ దాన్ని తనంతట తానే తెచ్చుకుంటుంది. కాబట్టి ఫైలు పైభాగంలో మొదటిది గ్లూ, రెండోది జీఎల్ఎఫ్‌డబ్ల్యూ. జీఎల్ఎఫ్‌డబ్ల్యూ బదులు ఫ్రీగ్లట్ వాడినా ఇదే వరుస.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. గ్లూఇనిట్ ఎప్పుడు పిలవాలి? కాంటెక్స్ట్, అంటే ఆ విండో కోసం డ్రైవర్ పెట్టుకునే ఓపెన్‌జీఎల్ స్థితి, పుట్టి, కరెంట్ అయ్యాకే. డ్రైవర్‌ను అడ్రసులు అడగాలంటే ముందు ఏ డ్రైవరో తేలాలి, అది తేలేది కాంటెక్స్ట్ కరెంట్ అయినప్పుడే. జీఎల్ఎఫ్‌డబ్ల్యూతో అయితే ముందు ఎర్రర్ కాల్‌బ్యాక్ పెట్టి జీఎల్ఎఫ్‌డబ్ల్యూఇనిట్ పిలవాలి. తర్వాత వెర్షన్ 3, 3 అని, ప్రొఫైల్ కోర్ అని హింట్లు ఇవ్వాలి. తర్వాత క్రియేట్‌విండో. అది సున్నా ఇస్తే అక్కడే ఆగి, కాల్‌బ్యాక్‌లో వచ్చిన సందేశం చదవాలి. ఆ పైన మేక్‌కాంటెక్స్ట్‌కరెంట్, దాని కింది లైనులోనే గ్లూఇనిట్. తిరిగొచ్చిన విలువ గ్లూ_ఓకే, అంటే సున్నా, అయితేనే ముందుకు సాగాలి. కాకపోతే గ్లూగెట్‌ఎర్రర్‌స్ట్రింగ్‌తో సందేశం అచ్చు వేయాలి. 1 వచ్చి జీఎల్ వెర్షన్ లేదని చెబితే, మేక్‌కాంటెక్స్ట్‌కరెంట్ మరిచారనో, గ్లూఇనిట్‌ను దానికి ముందు రాశారనో గట్టిగా చెప్పొచ్చు. తిరిగొచ్చే విలువను చూడకుండా వదిలేయడమే ఎక్కువ ప్రాజెక్టుల్లో కనిపించే తప్పు. చూస్తే క్షణంలో తెలిసిపోయేది, చూడకపోతే రెండు వందల లైన్ల తర్వాత జీఎల్‌క్రియేట్‌షేడర్ దగ్గర కూలుతుంది. షేడర్ కోడ్‌లో ఏదో తప్పుందని పిల్లలు అక్కడ వెతుకుతూ కూర్చుంటారు.

కూలినప్పుడు డీబగ్గర్‌లో చూసే పద్ధతి కూడా చెబుతాను. గ్లూలో జీఎల్‌క్రియేట్‌షేడర్ అనేది నిజానికి ఒక మాక్రో. దాని వెనక రెండు అండర్‌స్కోర్లతో మొదలయ్యే గ్లూక్రియేట్‌షేడర్ అనే పాయింటర్ ఉంటుంది. వాచ్ విండోలో ఆ పేరు టైపు చేస్తే విలువ కనిపిస్తుంది. సున్నా గానీ, పైన చెప్పిన 1, 2, 3, మైనస్ 1 గానీ ఉంటే లోడ్ కాలేదు. వేరే విలువ ఉంటే తప్పు మీ కోడ్‌లో వెతకండి, లినక్స్‌లో అయితే ముందు ఎక్స్‌టెన్షన్ జాబితా కూడా చూడండి. గ్లాడ్‌లో జీఎల్‌క్రియేట్‌షేడర్ పేరు ముందు గ్లాడ్ అండర్‌స్కోర్ ఉంటుంది. ఈ ఒక్క చూపుతో కార్డు మీద పడే నిందల్లో ఎక్కువ భాగం తీరిపోతుంది.

గ్లూ 2.0కు ముందు వెర్షన్లు వాడే ల్యాబులకు ఇంకో జాగ్రత్త. అవి ఎక్స్‌టెన్షన్ల జాబితాను పైన చెప్పిన పాత పద్ధతిలోనే అడుగుతాయి. కోర్ ప్రొఫైల్‌లో ఆ పిలుపు విఫలమై, గ్లూఇనిట్ మాత్రం సున్నాయే ఇచ్చి, చాలా పాయింటర్లు ఖాళీగా మిగులుతాయి. అందుకని గ్లూఇనిట్‌కు ముందు గ్లూఎక్స్‌పెరిమెంటల్‌ను ట్రూ చేయాలి. చేశాక కూడా 1280 ఎర్రర్ ఒకటి క్యూలో మిగిలి ఉంటుంది. గ్లూఇనిట్ తర్వాత జీఎల్‌గెట్‌ఎర్రర్‌ను ఒకసారి ఊరికే పిలిచి దాన్ని తీసేయకపోతే, తర్వాత మీరు చేసే మొదటి పరీక్షలో అది బయటపడి లేని తప్పును చూపిస్తుంది. 2016లో వచ్చిన 2.0లో కోర్ కాంటెక్స్టులను పట్టించుకున్నారు. ట్రూ అనే ఆ లైను ఉంచినా నష్టం లేదు.

కొత్త ఉబుంటు వేసిన ల్యాబులకు ఇది. 2024లో వచ్చిన జీఎల్ఎఫ్‌డబ్ల్యూ 3.4 వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతి ఉన్న చోట దాన్నే ఎంచుకుంటుంది. గ్లూ మామూలుగా ఎక్స్11 అనే పాత డిస్‌ప్లే పద్ధతికి కట్టి ఉంటుంది. రెండూ కలిసిన చోట గ్లూఇనిట్ 4 అనే విలువ ఇస్తుంది, అంటే జీఎల్ఎక్స్ డిస్‌ప్లే లేదని. జీఎల్ఎఫ్‌డబ్ల్యూఇనిట్‌కు ముందు ప్లాట్‌ఫామ్ హింట్‌గా ఎక్స్11 ఇస్తే సరిపోతుంది. లాగిన్ తెరలో జోర్గ్ సెషన్ ఎంచుకునే వీలుంటే అదీ పనిచేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, కొత్తగా మొదలుపెట్టే ల్యాబుకు గ్లూ కంటే గ్లాడ్ మేలు. గ్లాడ్ తయారుగా ఉన్న లైబ్రరీ కాదు, క్రోనోస్ వాళ్ల ఎక్స్‌ఎంఎల్ రిజిస్ట్రీ చదివి మనకు కావలసినంత మేరకు కోడ్ రాసిపెట్టే జనరేటర్. పైథాన్‌లోని పిప్‌తో గ్లాడ్2 ఇన్‌స్టాల్ చేసి, ఏపీఐగా జీఎల్ కోర్ 3.3 అని, అవుట్‌పుట్ ఫోల్డరు పేరు, చివర సీ అని ఇస్తే రెండు హెడర్లు, ఒక సీ ఫైలు వస్తాయి. అంతే. ఆ మూడు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి నెట్ లేని ల్యాబులోనైనా ప్రతి మిషన్‌కూ ఇవ్వొచ్చు. డీఎల్ఎల్ లేదు, 32 బిట్, 64 బిట్ గొడవ లేదు, ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. సీ ఫైలును ప్రాజెక్టులో చేర్చడం మరవకూడదు. మరిస్తే గ్లాడ్ పేరున్న అన్‌డిఫైన్డ్ రిఫరెన్సులు వరదలా వస్తాయి. కాంటెక్స్ట్ కరెంట్ అయ్యాక గ్లాడ్‌లోడ్‌జీఎల్‌కు జీఎల్ఎఫ్‌డబ్ల్యూగెట్‌ప్రాక్‌అడ్రస్‌ను ఇవ్వాలి, సున్నా తిరిగొస్తే లోడ్ కాలేదు. జాగ్రత్త, గ్లూలో సున్నా అంటే విజయం, గ్లాడ్‌లో సున్నా అంటే వైఫల్యం. ఒకదాని నుంచి మరోదానికి మారేవాళ్లు పాత ఇఫ్ షరతునే ఉంచేసి తికమక పడతారు. గ్లాడ్ మొదటి వెర్షన్ పుస్తకాల్లో గ్లాడ్‌లోడ్‌జీఎల్‌లోడర్ అని ఉంటుంది, హెడర్ పేరు కూడా వేరు. రెండు వెర్షన్ల ఫైళ్లనూ ఒకే ఫోల్డరులో కలపొద్దు.

గ్లాడ్‌ను నేను ముందుకు తేవడానికి ఇంకా బలమైన కారణం ఉంది. 3.3కు మాత్రమే కోడ్ తయారు చేయిస్తే, 4.5లో వచ్చిన జీఎల్‌క్రియేట్‌బఫర్స్ లాంటి పేరు నెట్‌లోని ఏదో ఉదాహరణ నుంచి కాపీ చేసినప్పుడు కంపైలరే ఆపేస్తుంది. గ్లూ హెడర్‌లో అన్ని వెర్షన్ల పేర్లూ ఉంటాయి కాబట్టి అదే లైను హాయిగా కంపైల్ అవుతుంది. హాస్టల్లో కొత్త ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, ఎగ్జామినర్ ముందు ల్యాబు మిషన్లో కూలుతుంది. విద్యార్థికి ఇంతకంటే అన్యాయమైన పరీక్ష ఉండదు.

అలాగని ఎక్స్‌టెన్షన్లు వాడొద్దని కాదు. ఉదాహరణకు అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిని మోడల్ చేసి, మార్చి, అక్టోబరు నెలల్లో కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే దృశ్యాన్ని చూపించాలనుకున్నారనుకోండి. నీడలు కావాలి. సూర్యుడి వైపు నుంచి దృశ్యాన్ని ఒకసారి 1024 బై 1024 డెప్త్ టెక్స్చర్‌లోకి గీసి, ఆ లోతులతో పోల్చి ఏది వెలుగో ఏది నీడో తేల్చాలి. పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున ఆ టెక్స్చర్‌కు 4 ఎంబీ పడుతుంది, పాత మిషన్‌కూ అది బరువు కాదు. కావలసింది ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్. వెర్షన్ 3.0 ఉందా అని మాత్రమే చూస్తే, 2.1 చెప్పే డ్రైవర్‌లో ఏఆర్‌బీ ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్ ఎక్స్‌టెన్షన్ ఉన్నా నీడలు ఆపేసినట్టవుతుంది. కాబట్టి సౌకర్యం ఉందో లేదో చెప్పే ఫ్లాగులు చూసి, గ్లూలో వెర్షన్ 3.0 ఫ్లాగ్ లేదా ఏఆర్‌బీ ఫ్లాగ్, రెంటిలో ఏది ఉన్నా ముందుకు వెళ్లాలి. రెంటిలోనూ ఫంక్షన్ల పేర్లు ఒకటే, తోకలు లేవు. అవీ లేకపోతే ఈఎక్స్‌టీ ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్ చూడాలి. అందులో పేర్ల చివర ఈఎక్స్‌టీ ఉంటుంది, అటాచ్‌మెంట్లన్నీ ఒకే కొలతలో ఉండాలనే నిబంధనా ఉంటుంది. మూడూ లేకపోతే నీడలు లేకుండానే గుడి గీయాలి. బొమ్మలో అందం తగ్గుతుంది కానీ ప్రోగ్రామ్ నిలబడుతుంది. ఈ పద్ధతి పాత కాంటెక్స్టులు కూడా అంగీకరించే ప్రోగ్రామ్‌కు. కోర్ 3.3 అడిగి దొరికిందంటే ఫ్రేమ్‌బఫర్ ఎలాగూ ఉంటుంది.

ఆ గుడి మండపంలో నేల రాళ్లు దూరానికి మసకబారతాయి. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ ఆన్ చేస్తే తేటపడతాయి. ఇది చాలా ఏళ్లు ఈఎక్స్‌టీ ఎక్స్‌టెన్షన్‌గానే ఉండి, 2017లో 4.6తో ప్రమాణంలో చేరింది. దీనికి కొత్త ఫంక్షన్లేమీ లేవు, రెండు స్థిరాంకాలు మాత్రమే. లైబ్రరీ ఇచ్చే ఫ్లాగ్ చూసి, గరిష్ఠ విలువ అడిగి (సాధారణంగా 16), 4 లేదా 8 పెట్టుకుంటే చాలు. గ్లాడ్ వాడేవాళ్లు కోడ్ తయారుచేసేటప్పుడే ఈ ఎక్స్‌టెన్షన్ పేరు జాబితాలో చేర్చాలి. లేకపోతే ఆ ఫ్లాగ్ హెడర్‌లోనే ఉండదు. టెక్స్చర్ల బరువు తగ్గించే ఎస్3టీసీ కూడా ఇలాంటిదే. 1024 బై 1024 రంగుల టెక్స్చర్ మామూలుగా 4 ఎంబీ, డీఎక్స్‌టీ5లో 1 ఎంబీ, పారదర్శకత అక్కర్లేని డీఎక్స్‌టీ1లో అర ఎంబీ. దాని పేటెంటు 2017లో ముగిశాక మెసాలోనూ నేరుగా చేరింది.

ల్యాబు నిర్వాహకులకు ఒక విన్నపం. సెమిస్టర్ మొదలవకముందే ప్రతి మిషన్‌లో వెండర్, రెండరర్, వెర్షన్, షేడింగ్ భాష వెర్షన్ అనే నాలుగు స్ట్రింగులు అచ్చు వేయించి కాగితం మీద రాసి అంటించండి. గ్లూ జిప్‌లో గ్లూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉంది. విండోస్‌లో నడిపితే అదే ఫోల్డరులో గ్లూఇన్ఫో టెక్స్ట్ ఫైలు రాస్తుంది, అందులో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ, దాని ఫంక్షన్లకూ ఓకే అనో మిస్సింగ్ అనో ఉంటుంది. ఉబుంటులో మెసా-యుటిల్స్ వేసి జీఎల్ఎక్స్‌ఇన్ఫోను మైనస్ బీతో నడిపితే ముఖ్యమైనవి ఒక పేజీలో వస్తాయి. వెండర్ మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్, రెండరర్ జీడీఐ జెనరిక్, వెర్షన్ 1.1.0 అని కనిపిస్తే ఆ మిషన్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, లేదా రిమోట్ డెస్క్‌టాప్‌లో కూర్చున్నారు. విండోస్ మళ్లీ వేశాక డిస్‌ప్లే డ్రైవర్ వేయకుండా వదిలేసిన మిషన్లలో ఇదే వస్తుంది. అక్కడ గ్లూ ఎంత మంచిదైనా చేసేదేమీ లేదు, ముందు డ్రైవర్ వేయాలి.

పాత ఇంటెల్ మిషన్ల లెక్క ఇలా ఉంటుంది. రెండో తరం కోర్ ఐ3లోని గ్రాఫిక్స్‌కు విండోస్ డ్రైవర్ ఇచ్చేది 3.1 వరకే. అదే మిషన్‌లో ఉబుంటు వేస్తే మెసా డ్రైవర్ 3.3 ఇస్తుంది. మూడో తరం విండోస్‌లోనే 4.0 ఇస్తుంది, నాలుగో తరం 4.3. అంటే పాత మిషన్లున్న ల్యాబు 3.3 సిలబస్ నడపడానికి కొత్తవి కొనాల్సిన పని లేదు, ఉబుంటు వేస్తే చాలు. డ్రైవర్ ఏదీ కుదరకపోతే మెసాలోని ఎల్ఎల్‌వీఎంపైప్ ఉంది. ప్రాసెసరే బొమ్మ గీస్తుంది, కొత్త మెసాలో 4.5 దాకా ఇస్తుంది. నిదానమే కానీ ల్యాబు అభ్యాసాలకు సరిపోతుంది. మెసా విండోస్ బిల్డ్‌లోని ఓపెన్‌జీఎల్32 డీఎల్ఎల్‌ను తోడు ఫైళ్లతో సహా ఈఎక్స్‌ఈ పక్కన పెడితే విండోస్‌లోనూ ఇది నడుస్తుంది. సిస్టం32 ఫోల్డరులోని అసలు ఫైలు మీద మాత్రం చేయి వేయొద్దు.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ ఇంటెల్ మీద మొదలవుతుందో ఎన్‌విడియా మీద మొదలవుతుందో రెండరర్ స్ట్రింగ్ చూస్తే తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్ల జాబితా దాన్ని బట్టే మారుతుంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఈఎక్స్‌ఈకి హై పెర్ఫార్మెన్స్ అని పెట్టొచ్చు.

అడ్రసులన్నీ సరిగా వచ్చి, ప్రోగ్రామ్ కూలకుండా నల్లని విండో మాత్రమే కనిపిస్తే అది లైబ్రరీ బాధ్యత కాదు. కోర్ ప్రొఫైల్‌లో జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ పనిచేయవు. బిందువుల డేటా అమరికను గుర్తుంచుకునే వెర్టెక్స్ అర్రే ఆబ్జెక్ట్ బైండ్ చేయకుండా గీస్తే 1282 ఎర్రర్ వస్తుంది. కేహెచ్ఆర్ డీబగ్ ఎక్స్‌టెన్షన్ ఉన్న మిషన్‌లో డీబగ్ కాంటెక్స్ట్ అడిగి కాల్‌బ్యాక్ పెడితే డ్రైవరే ఏ పిలుపు ఎందుకు తప్పో వాక్యంలో చెబుతుంది. ఫ్లాగ్ చూసిన తర్వాతే ఆ ఫంక్షన్‌ను పిలవాలి, 3.3 మిషన్లలో అది ఉండాలని లేదు.

చాలా చోట్ల ల్యాబ్ మాన్యువళ్లు ఇప్పటికీ గ్లట్ అనే పాత విండో లైబ్రరీతో, జీఎల్‌బిగిన్‌తో మొదలై అక్కడే ముగుస్తున్నాయి. అసలు గ్లట్ 1998 తర్వాత ముందుకు సాగలేదు. ఆ పాత ఫంక్షన్లన్నీ 1.1లోనే ఉన్నవి కనుక ఏ లైబ్రరీ లేకుండా నడుస్తాయి, దాంతో అడ్రసుల సంగతి సెమిస్టర్ అంతా విద్యార్థి చెవిన పడదు. ప్రాజెక్టులో షేడర్ రాసిన రోజున ఒక్కసారిగా మీద పడుతుంది. సిలబస్ మార్చడానికి పట్టే కాలం నాకు తెలుసు. దాని కోసం ఆగకుండా మొదటి అభ్యాసాన్ని మాత్రం మార్చుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విండో తెరవాలి, కాంటెక్స్ట్ కరెంట్ చేయాలి, లైబ్రరీని పిలిచి తిరిగొచ్చిన విలువ పరీక్షించాలి, ఆ నాలుగు స్ట్రింగులూ అచ్చు వేయాలి. ఒక త్రికోణం కూడా గీయక్కర్లేదు. ఆ ఫలితాన్ని మిషన్ నంబరుతో సహా రికార్డు పుస్తకం మొదటి పేజీలో రాయించాలి. అప్పుడు వైవా రోజున ప్రోగ్రామ్ ఆగిపోయినా, ఎగ్జామినర్ ఆ పేజీ తిప్పి డ్రైవర్ లోపమా విద్యార్థి లోపమా అని చూసే మార్కులు వేయగలుగుతారు.

ఇట్లు,
కంప్యూటర్ గ్రాఫిక్స్ బోధించే ఒక అధ్యాపకుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా.